ఫ్యాన్ హౌస్ ముందు తిరిగిన చక్రం

వెంటిలేషన్ ఆఫీసరు వస్తూనే చక్రం వైపు చూడలేదు. నేరుగా ఫ్యాన్ హౌస్‌లోకి వెళ్లి, బల్ల మీది రిజిస్టరు తెరిచి, కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఓదెలూ, చక్రం పెట్టిన రోజు రీడింగ్ ఎంత?"

"అరవై రెండు సార్."

"అంతకు ముందురోజు?"

"అరవై రెండు సార్."

"ఆ ముందు వారం?"

ఫ్యాన్ ఆపరేటర్ ఓదెలు తల వంచుకున్నాడు. ఆఫీసరు పేజీలు వెనక్కి తిప్పుతూ పోయి, ఒకచోట వేలు పెట్టి ఆగాడు.

"పోయిన నెల బేరింగ్ మార్చడానికి ఫ్యాన్ రెండు గంటలు ఆపాం. లోపలున్న మనుషులందరినీ పైకి తెచ్చాం. గుర్తుందా?"

"ఉన్నది సార్."

"ఫ్యాన్ ఆగిన ఆ రెండు గంటలూ కూడా అరవై రెండేనా?"

గదిలో ఉన్నది నలుగురం. ఆఫీసరు, ఓదెలు, తలుపు దగ్గర మోటార్ మెకానిక్ ఖలీల్, కిటికీ పక్కన నోటుబుక్కుతో నేను. బయట ఖలీల్ చక్రం తిరుగుతూనే ఉంది. దాని రెక్కల చప్పుడు ఫ్యాన్ హోరులో కూడా విడిగా వినబడుతోంది.

ఆఫీసరు రిజిస్టరు మూసి ఖలీల్ వైపు తిరిగాడు. "నీ చక్రం వల్ల గనిలో గాలి తగ్గలేదని నువ్వు చూపించే సాక్ష్యం ఇదేనా?"

ఆ మాటతో చక్రం కథ అయిపోయింది. అప్పటికి అది ఇరవై రోజులుగా ఏడు గుడిసెలకు దీపాలు వెలిగిస్తోంది.

నేనెందుకు ఇది రాస్తున్నాను

నేను గోదావరిఖనిలో ఒక తెలుగు దినపత్రికకు విలేకరిగా పనిచేశాను. ఫ్యాక్సులు రాకముందు వార్తను కవర్లో పెట్టి కరీంనగర్ బస్సు కండక్టరు చేతికిచ్చిన తరం మాది. సమ్మెలు రాశాను, గని ప్రమాదాలు రాశాను, నాయకుల పర్యటనలు లెక్కలేనన్ని రాశాను. వాటిలో నాకు గుర్తున్నవి తక్కువ. ఖలీల్ చక్రం మాత్రం మరచిపోలేదు. దాని దీపాలు ఆర్పినవాళ్లలో నేనూ ఒకడిని కాబట్టి.

ఇప్పుడు పత్రికల్లోకి వచ్చే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఎక్కడో ఒక మెకానిక్ కొత్త రకంగా కరెంటు పుట్టించాడని, దానిమీద రాయాలని చెబుతారు. నేను వాళ్లను ఒకటే అడుగుతాను: రెండు కథల్లో ఏది రాయబోతున్నావు? మొదటి కథలో పెద్దవాళ్లంతా కుట్ర చేసి పేదవాడి తెలివిని తొక్కేస్తారు. రెండో కథలో చదువులేనివాడొకడు సైన్సు తెలియక పిచ్చి యంత్రం కట్టి నవ్వులపాలవుతాడు. ఈ రెండూ రాయడం తేలిక. చదివేవాళ్లకూ హాయి. నేను చూసినంతలో రెండూ అబద్ధం. ఈ మాట అన్నందుకు అటు యూనియన్ మిత్రులకూ ఇటు ఇంజనీర్ మిత్రులకూ కోపం వచ్చింది. రానివ్వండి.

మూత తీయని పెట్టె

ఖలీల్ కంటే ముందు మందమర్రి నుంచి ఒకాయన మా ఆఫీసుకు వచ్చాడు. ఆఫీసంటే పుస్తకాల షాపు వెనక ఒక గది. ఆయన చేతిలో రేకు పెట్టె, దానికి రెండు వైర్లు, వైర్లకు ఒక బల్బు. బల్బు వెలుగుతోంది. బ్యాటరీ లేదు, నూనె లేదు, ఏళ్ల తరబడి ఇలాగే వెలుగుతుందన్నాడు.

"పెట్టె మూత తీస్తవా అన్నా?" అన్నాను.

"తీస్తే ఫార్ములా పోతది. మీరు ముందు పేపర్ల ఎయ్యిండ్రి, ఎన్కకు తీస్త."

నేను వేయలేదు. అప్పటికి ఉద్యోగంలో చేరి ఎన్నో రోజులు కాలేదు గాని, మూత తీయనివాడి మాట రాయకూడదని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. నేను చాలా తెలివైనవాడినని అనుకున్నాను. ఆ గర్వమే తర్వాత నన్ను ముంచింది. దొంగను గుర్తుపట్టడం వచ్చింది కదా, ఇక నిజమైనవాడు దొరికితే ఎంత పెద్దగా రాసినా ఫరవాలేదనుకున్నాను.

పారేసింది ఏరుకోవడం

భూగర్భ గనికి ప్రాణం ఫ్యాన్. లోపలి వేడిగాలిని, మసిని, మండే వాయువును అది రాత్రింబవళ్లు బయటికి లాగుతుంది. అది లాగిన మేరకే ఇంకో దారి గుండా మంచిగాలి లోపలికి పోతుంది. లాగిన గాలి వాలుగా పైకి లేచిన ఒక పెద్ద సిమెంటు మూతి నుంచి బయటపడుతుంది. దాని ముందు నిలబడితే తలపాగా నిలవదు. ఫ్యాన్ ఎంత బలంగా లాగుతున్నదీ తెలియడానికి ఫ్యాన్ హౌస్ గోడకు నీళ్లు పోసిన వంపు గాజుగొట్టం ఉంటుంది. నీటి మట్టం ఎన్ని మిల్లీమీటర్లుందో ఆపరేటర్ గంటగంటకూ చూసి రిజిస్టరులో రాయాలి.

ఖలీల్‌ది గోదావరిఖని బజార్లో మోటార్లకు వైండింగ్ చేసే షాపు. ఇంట్లో దక్కనీ మాట్లాడతాడు, షాపులో తెలుగు మాట్లాడతాడు, కోపం వస్తే రెండూ కలిపి మాట్లాడతాడు. ఒకసారి ఫ్యాన్ హౌస్ మోటారు బాగుచేయడానికి వెళ్లి, ఆ మూతి ముందు నిలబడ్డాడు. టోపీ ఎగిరిపోయి కంచెకు తగులుకుంది. టోపీ తెచ్చుకున్నాడు గాని మనసు అక్కడే వదిలి వచ్చాడు.

చక్రానికి రెక్కలు నూనె డ్రమ్ము కోసి చేశాడు. ఇరుసు పాత జీపుది. గని నుంచి పనికిరాదని పారేసిన దుంగలు నాలుగు పాతి, మూతికి పది బారల దూరంలో చక్రం నిలబెట్టాడు. లారీ డైనమో, రెండు బ్యాటరీలు, కంచె అవతల ఏడు గుడిసెలకు ఏడు కారు బల్బులు. ఆ గుడిసెల వాళ్లు కమాన్‌పూర్ వైపు నుంచి మట్టి పనికి వచ్చినవాళ్లు. వాళ్ల తలల మీదుగా గనికి పెద్ద కరెంటు తీగలు పోతాయి. వాళ్లకు మాత్రం కిరోసిన్ బుడ్డే.

కంచె లోపల చక్రం పెట్టనిచ్చింది ఓదెలు. ఇద్దరికీ పదేళ్ల స్నేహం. నేను చూడ్డానికి వెళ్లిన రోజు ఇద్దరూ చక్రం కింద కూర్చుని చాయ్ తాగుతున్నారు.

"ఊరికే కరెంటు తీస్తున్నవ్ గద భాయ్!" అన్నాను.

ఖలీల్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నై నై, ఊరికే ఎట్లైతది అన్నా? ఫ్యాన్‌కు కరెంటు కంపెనీది. గాలి కంపెనీది. ఆడోళ్లు డంపు మీద బొగ్గు ఏరుకుంటరు సూడు, గట్ల. కంపెనీ పారేసింది నేను ఏరుకుంటున్న. గంతే."

"నీ చక్రం అడ్డం ఉంటే ఫ్యాన్‌కు బరువు కాదా?"

"గందుకే గింత దూరం పెట్టిన. ఇంట్లకెళ్లి పొగ బైటికి పోయినంక దానితోని పొయ్యికేం పని?"

ఓదెలు అందుకున్నాడు. "మొదటి దినం నేనే సూసిన అన్నా. చక్రం తిప్పినం, ఆపినం, మల్ల తిప్పినం. గొట్టంల నీళ్లు కదలలే. వెంట్రుకంత గూడ కదలలే."

"రాసినవా?"

"ఏంది రాసేది? కదిలితే రాయాలె. కదలనిదాన్ని ఏం రాయాలె?"

ఆ రోజు ఆ మాటకు ముగ్గురం నవ్వాం.

నా తప్పు

గదికి వచ్చి వార్త రాశాను. బొగ్గు ఏరుకునే ఆడవాళ్ల మాట మొదట రాసి, తర్వాత కొట్టేశాను. పెద్ద పత్రికలో అంత చిన్న పోలిక ఏం బాగుంటుందనిపించింది. పైసా ఖర్చు లేకుండా గాలి నుంచి కరెంటు పుట్టించాడని రాశాను. ఆ మెకానిక్ చేతిలో గోదావరిఖని చీకటికి మందు ఉందని కూడా రాశాను. డెస్క్ ఇన్‌చార్జి నా వాక్యాన్ని ఇంకొంచెం లాగి, ఇక కంపెనీకి కరెంటే అక్కర్లేదన్నట్టు శీర్షిక పెట్టాడు. శీర్షిక ఆయనది, దాని విత్తనం నాది. ఆయన మీదికి నెట్టేసే ఉద్దేశం నాకు లేదు.

వార్త వచ్చిన రెండో రోజు షాపుకు వెళ్తే ఖలీల్ పేపరు మడిచి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇది నా చక్రం కాదన్నా," అన్నాడు. "ఇది ఎవరిదో వేరే. నేను గిన్ని మాటలు చెప్పలే."

"మంచిగనే రాసిన గద భాయ్."

"గదే ఫికర్. జర తక్కువ మంచిగ రాయాల్సింది."

కొత్త యంత్రానికి మొదటి హాని శత్రువుల వల్ల జరుగుతుందని అందరూ అనుకుంటారు. నేను చూసింది వేరు. మెచ్చుకునేవాళ్లు చిన్న నిజాన్ని తీసుకుపోయి దాని స్థానంలో పెద్ద అబద్ధం పెడతారు. పారేసిన దానిలో కొంత తిరిగి వస్తుందన్నది ఖలీల్ మాట. అది పరీక్షకు నిలబడే మాట. ఏ ఖర్చూ లేకుండా పుడుతుందన్నది నా మాట. దాన్ని ఏ ఇంజనీరైనా కూర్చున్నచోటి నుంచే కొట్టేస్తాడు. కొట్టేశారు కూడా. మొదటి ఉత్తరంలోనే కంపెనీ వాళ్లు, "ఈ యంత్రం మా విద్యుత్తును దొంగిలిస్తోందా లేక ప్రకృతి నియమాన్ని ఉల్లంఘిస్తోందా?" అని అడిగారు. అందులో రెండో సగం నిజానికి ఖలీల్‌ను కాదు, నన్ను అడగాల్సిన ప్రశ్న.

ఒక మంచి అభ్యంతరం

వెంటిలేషన్ ఆఫీసరును నేను దుర్మార్గుడిగా చూపించలేను. ఆయన మొదటిసారి ఒంటరిగా వచ్చి, చక్రం చుట్టూ తిరిగి, డైనమో దగ్గర ఆగాడు.

"ఇది నిప్పురవ్వలు కొడుతుంది కదా?"

"కొడతది సాబ్. బ్రష్షులున్నయి గద."

"లోపలి నుంచి వచ్చే గాలిలో మండే వాయువు ఉంటుందని తెలుసా నీకు? దాని ఎదురుగా నిప్పు పెట్టావు."

ఖలీల్ ఆ సాయంత్రమే డైనమోను అక్కడి నుంచి ఊడదీశాడు. కంచె అవతలికి, గాలి వాటానికి పక్కగా తీసుకుపోయి, పొడుగు బెల్టు వేసి తిప్పాడు. రెండు రోజుల పని. బెల్టు రెండుసార్లు జారింది. మూడోసారి నిలిచింది.

"సాబ్ కరెక్టు చెప్పిండు," అన్నాడు నాతో. "ఈ మాట ముందే ఎవలన్న చెప్తే మొదటి దినమే అట్ల కడుతుంటి."

మొత్తం వ్యవహారంలో ఆ యంత్రాన్ని బాగుచేసిన మాట ఇదొక్కటే. చెప్పింది దాన్ని వద్దన్న మనిషే. అందుకే ఆఫీసర్లంతా అడ్డుపుల్లలని రాసే పిల్లలను నేను ఆపుతాను. అభ్యంతరం వేరు, నిరాకరణ వేరు. అభ్యంతరం యంత్రం దగ్గరికి వచ్చి మాట్లాడుతుంది. నిరాకరణ కాగితం మీద ఉంటుంది.

ఇక మిగిలింది ఒకటే ప్రశ్న. చక్రం అడ్డం ఉన్నప్పుడు గనిలో గాలి తగ్గుతుందా? తగ్గితే లోపల పనిచేసే వందల మంది ఊపిరితో ఆటలాడినట్టే. దీనికి ఖలీల్ కోరింది ఒక్క రోజు. ఒక్క రోజు చక్రం తిప్పుతూ, ఆపుతూ, గొట్టంలో నీటి మట్టం చూసి, ఆఫీసరు చేత్తో రాసి సంతకం చేయాలి. తగ్గిందని తేలితే తనే విరిచేస్తానన్నాడు. ఆ సంతకం కోసమే అతను ఆ తర్వాత నాలుగేళ్లు తిరిగాడు. బల్బులు ఏడు వెలిగినా డెబ్బై వెలిగినా ఆ సంతకం లేనిదే చక్రం ఫ్యాన్ హౌస్ దాటి ఎక్కడికీ పోదని అతనికి బాగా తెలుసు.

అరవై రెండు

రెండోసారి ఆఫీసరు రిజిస్టరు కోసం వచ్చాడు. ఏం జరిగిందో మొదట్లోనే చెప్పాను.

బొగ్గు బెల్టులో పుట్టినవాళ్లకు ఓదెలు చేసిన పని వింత కాదు. డ్యూటీ ఎక్కగానే షిఫ్టు ఎనిమిది గంటలకూ ఎనిమిది అంకెలు ఒకేసారి రాసేయడం చాలామందికి అలవాటు. దానర్థం ఫ్యాన్‌ను చూడరని కాదు. ఓదెలు చెవితో చూస్తాడు. చక్రం రాకముందే ఒకసారి వేరే వార్త కోసం వెళ్తే, నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి, "బేరింగ్ ఏడుస్తంది" అంటూ పరిగెత్తాడు. నాకు హోరు తప్ప ఏమీ వినబడలేదు. గని మెకానిక్ వచ్చి విప్పి చూస్తే బేరింగ్ నిజంగానే అరిగింది. అంతకు ముందు నెల ఫ్యాన్ ఆపి మార్చింది దాన్నే. అంటే, ఆ రెండు గంటలు ఫ్యాన్ ఆగడానికి కారణం ఓదెలు చెవి. ఆ రెండు గంటలకూ అరవై రెండు రాసింది ఓదెలు చెయ్యి. పొద్దున షిఫ్టు ఎక్కగానే రాసేశాడు మరి.

ఆఫీసరు రిజిస్టరు మూశాక ఓదెలు తల ఎత్తాడు.

"సార్, చక్రం తిప్పిన దినం నేను నిజంగ సూసిన. నీళ్లు కదలలే. నా పిల్లల మీద ఒట్టు."

"రాసినదే నమ్మలేకుండా ఉన్నాను. రాయనిది ఎలా నమ్మాలి ఓదెలూ?"

నేను అప్పుడు కిటికీ దగ్గరి నుంచి కదిలి, చేయకూడని పని చేశాను. రిజిస్టరు తెరిచి పేజీల అడుగుభాగం చూశాను. ఆపరేటర్ కింద, షిఫ్టు పనిని పర్యవేక్షించే ఓవర్‌మన్ సంతకం. దాని కింద అసిస్టెంటు మేనేజర్ సంతకం. వారానికోసారి ఆకుపచ్చ సిరాలో ఇంకో సంతకం.

"సార్, ఈ ఆకుపచ్చ సంతకం మీదేనా?" అని అడిగాను.

ఆయన నా వైపు చూసి, రిజిస్టరు నా చేతిలోంచి తీసుకుని, చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

పరీక్ష ఎందుకు జరగలేదో నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. చక్రం ఉన్నప్పటి రీడింగును అంతకు ముందటి రీడింగులతో పోల్చాలి. పోల్చాలంటే పాతవి నిజమై ఉండాలి. అవి నిజం కావని ఎవరో ఒకరు కాగితం మీద ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే కింద సంతకాలు పెట్టినవాళ్లందరూ వరుసగా నిలబడాలి. ఇందులో కుట్ర లేదు, ఎవరూ లంచం తినలేదు. ఒక్క అంకె సరిగ్గా రాయడం కంటే ఒక చక్రం తీసేయడం అందరికీ సులువైంది.

సంతకం పెట్టని కాగితం

నాలుగు రోజుల తర్వాత గని ఆఫీసుకు పిలిచారు. ఖలీల్, ఓదెలు, వాళ్లిద్దరూ తోడు రమ్మంటే నేను. ఆఫీసరు టైపు చేసిన కాగితం ఖలీల్ ముందు పెట్టాడు. నేను చదివి వినిపించాను. గనికి ప్రమాదకరమైన యంత్రాన్ని తాను తప్పు తెలుసుకుని స్వచ్ఛందంగా తొలగిస్తున్నట్టు అందులో ఉంది.

"సంతకం పెట్టు. ఓదెలు మీద చార్జిషీటు లేకుండా చూస్తాను," అన్నాడు ఆఫీసరు.

ఖలీల్ ఓదెలు వైపు చూశాడు. స్నేహితుడి నౌకరి ఒకవైపు, తన చేతిపని మీద తానే తప్పని రాయడం ఒకవైపు. అతని చేయి పెన్ను దాకా పోయింది. ఆ చేతిని ఓదెలు పట్టుకున్నాడు.

"నా నౌకరి నా ఫికర్ భాయ్. తీసెయ్యమన్నరు, తీసెయ్యి. తప్పని మాత్రం రాయకు. తప్పో ఒప్పో వీళ్లెవ్వలు సూడలే. సూసినోన్ని నేనొక్కన్నే."

"ఏయ్, నువ్వు రాసిందే అబద్ధం. నువ్వు మాట్లాడుతున్నావా?" అన్నాడు ఆఫీసరు.

"అవ్ సార్. రాసింది అబద్ధమే. గిప్పుడు చెప్పేది నిజం. రెండు నావే."

ఖలీల్ పెన్ను పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. "అన్నా, నాకు తెలుగు రాయరాదు. నేను చెప్త, రాయి." నేను అతని మాటలే మార్చకుండా రాశాను. ఈసారి ఒక్క అక్షరం పెంచలేదు. "చక్రం తీసేస్తున్న. ప్రమాదమని ఎవ్వలు కొలిచి చూడలే. కొలిచి చూసి ప్రమాదమంటే అప్పుడు సంతకం పెడ్త." కింద ఉర్దూలో పేరు రాశాడు. ఆ కాగితాన్ని ఆఫీసరు చదివి ఫైల్లో పెట్టాడు. టైపు చేసిన కాగితం సంతకం లేకుండా దాని పక్కనే ఉంది.

ఓదెలుకు చార్జిషీటు రాలేదు. ఇస్తే ఎంతమందికి ఇవ్వాలో వాళ్లకూ తెలుసు. అతన్ని, గనిలోకి దిగేవాళ్లు తలకు పెట్టుకునే క్యాప్ ల్యాంపులు ఇచ్చే గదికి మార్చారు. ఆ చెవి ఇక ఏ ఫ్యాన్‌నూ వినలేదు.

చక్రం విప్పిన మర్నాడు గుడిసెల దగ్గరికి వెళ్లాను. మల్లవ్వ అనే పెద్దావిడ బుడ్డికి వత్తి వేస్తోంది. నేను వచ్చానని తెలిసీ తల ఎత్తలేదు.

"రా పేపరన్నా, రా. ఇరువై దినాలకు పైన వెలిగినయి. ఎవ్వలకు తెల్వకపాయె, వెలుగుతనే ఉండె. నువ్వు రాసి ఆర్పినవ్."

నా ఉద్యోగంలో నా పని మీద అంతకంటే కచ్చితమైన సమీక్ష రాలేదు.

స్కీములో లేని గాలి

నేను మళ్లీ ఒక వార్త రాశాను. చక్రాన్ని పరీక్షించకుండానే తీయించారని, దానివల్ల లాభం ఉందో నష్టం ఉందో తెలియదని రాశాను. డెస్క్ ఇన్‌చార్జి ఫోన్ చేశాడు.

"వాడు గెలిచినట్టా ఓడినట్టా?"

"తెలియదు సార్. అదే వార్త."

"తెలియదనేది వార్త ఎట్లయితది? మోసమని రాయి, రేపే వేస్తాను. మొదట మనమే ఎత్తాం కాబట్టి దించేది కూడా మనమే అయితే బాగుంటుంది."

నేను రాయనన్నాను. ఆ తర్వాత కొన్ని నెలలు నా వార్తలు లోపలి పేజీల్లో మూలలకు పోయాయి. పోయాయి గాని నేను రాయలేదు. వృత్తిలో నేను సిగ్గుపడని పనుల్లో అది ఒకటి.

ఖలీల్ మాత్రం ఆగలేదు. పంపుసెట్లు అమ్మే కరీంనగర్ వ్యాపారి ఒకాయన షాపులో విప్పి పెట్టిన చక్రం చూసి, బాగుంది, తయారుచేసి అమ్ముదాం, సర్టిఫికెట్ తే అన్నాడు. సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు గని నుంచి పరీక్ష కాగితం తెమ్మన్నారు. గనివాళ్లు సర్టిఫికెట్ ఉన్న యంత్రాన్నే పరీక్షిస్తామన్నారు. హైదరాబాదులో కొత్తరకం ఇంధనాలకు సహాయం చేసే ఒక కార్యాలయం ఉందని తెలిసి ఇద్దరం వెళ్లాం. అక్కడి ఉద్యోగి మర్యాదస్తుడు. కుర్చీలు వేసి ఫారం తీశాడు.

"సూర్యుడా, గాలా, పేడా?" అని అడిగాడు.

"గాలి సాబ్," అన్నాడు ఖలీల్.

వివరాలు విన్నాక ఆయన పెన్ను ఆగింది. "ఇది గని గాలి కదా. మాకు సహజమైన గాలి కావాలి."

"గాలి గాలే గద సాబ్. మూతిల నుంచి వచ్చినంత మాత్రాన అది గాలి గాకపోతదా?"

"అవుతుంది. కానీ స్కీములో లేదు."

బస్సులో తిరిగి వస్తూ ఖలీల్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "పేడకు గూడ ఖానా ఉన్నది అన్నా, ఫారం మీద గడి. నా గాలికి లేదు."

కొత్త రకం శక్తి యంత్రాలు బజారుకు ఎందుకు రావని ఇప్పటికీ సభల్లో చర్చిస్తుంటారు. పెట్టుబడి లేదంటారు, సాంకేతికత లేదంటారు, పెద్ద కంపెనీలు రానివ్వవంటారు. అవన్నీ కొంత నిజం కావచ్చు. నేను దగ్గరగా చూసింది ఒక్కదాన్నే, అందులో ఇవేవీ పెద్ద కారణాలు కాలేదు. వద్దనే అధికారం చాలామందికి ఉంది, సరే చూద్దాం అనడం మాత్రం ఎవరి ఉద్యోగమూ కాదు. చూసి తప్పని తేలితే, చూద్దాం అన్నవాడికి నింద. చూడకుండా వద్దంటే ఎవరూ ఏమీ అనరు. పిల్లలకు నేను చెప్పేది ఇదే. యంత్రం గురించి రాసేముందు యంత్రం దగ్గర నిలబడండి. తయారుచేసినవాడు చెప్పిన దానికంటే ఒక్క మాట ఎక్కువ రాయకండి. ఎవరు కొలిచారు, ఏ రోజు కొలిచారు, ఆ అంకె ఎక్కడుందని అడగండి. కొలవలేదంటే కొలవలేదని రాయండి. అది వార్త కాదన్నవాడితో పోట్లాడండి.

తొంభైలు గడిచేలోపు ఆ గని మూతపడింది. ఓదెలు ల్యాంపు రూమ్ నుంచే రిటైరయ్యాడు. ఆ తర్వాత రెండేళ్లకు చనిపోయాడు. ఖలీల్ షాపు కొడుకు చూసుకుంటున్నాడు. నేను రిటైరయ్యే ముందు ఒకసారి కంపెనీ ఆఫీసులో ఆ ఫైలు గురించి అడిగాను. అక్కడి గుమాస్తా ఓపిగ్గా వెతికి తెచ్చి చూపించాడు. రెండు కాగితాలూ ఉన్నాయి. ప్రమాదకరమని ఖలీల్ ఒప్పుకోలేదు కాబట్టి ఫైలు మూయలేదు. పరీక్ష జరగలేదు కాబట్టి ముందుకూ కదపలేదు. అట్ట మీద పెండింగ్ అని ఉంది.

చక్రం వల్ల గనిలో గాలి తగ్గుతుందని ఆఫీసరు నమ్మాడు. తగ్గలేదని ఓదెలు చూశాడు. ఇద్దరిలో ఎవరిది నిజమో తేల్చే అంకె ఏ కాగితం మీదా లేదు.